వాసన తగిలినవాళ్ళు చెయ్యెత్తండి

ఆదివారం పొద్దున్నే మాస్టారు ఒక గాజుసీసాను తళతళలాడేలా కడిగి, వంటగట్టు మీద పెట్టి, భార్యకు పని అప్పగించారు.

"ఇందులో మంచినీళ్ళు పోసి బిరడా బిగించు. ఉత్త నీళ్ళు సుమా!"

"నీళ్ళు పొయ్యడానిక్కూడా పాఠం చెప్పాలా నాకు? ఇంతకీ ఎందుకివి?"

"వాసన చూపించడానికి."

ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. మాస్టారికి కావలసింది అదే. "ఇది కొత్త రసాయనం, మహా ఘాటు, వాసన తగిలినవాళ్ళు చెయ్యెత్తండి అంటాను. ఉన్నవి నీళ్ళే అయినా సగం మంది ఎత్తుతారు చూడు! తెలిసినవాడు చెప్పాడంటే చాలు, మనసే వాసన పుట్టించేస్తుంది. అప్పుడు గుట్టు విప్పుతాను."

"ఒక్కరూ ఎత్తకపోతేనో?"

"ఎత్తుతారే!"

"ఎత్తకపోతే?"

మాస్టారు నవ్వేసి స్నానానికి వెళ్ళిపోయారు. నవ్వైతే నవ్వారు గానీ ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. బడిలో రిటైరైన దగ్గర్నుంచి ఆయన్ని 'ఎందుకు?' అని అడిగిన నాథుడు లేడు. ఆ వెలితి ఆయన్ని తినేస్తోంది. ఇన్నాళ్ళకి లైబ్రరీ వాళ్ళు పెద్దవాళ్ళ కోసం నెలనెలా సైన్సు పాఠం పెడదామనుకుని, ముందు ఒకటి చెప్పి చూడమన్నారు. ఇవాళ రక్తి కట్టిందా, సరే. లేకపోతే పాఠానికిచ్చిన గదిలో పాత పేపర్ల కట్టలు పేర్చుకుంటామని లైబ్రేరియన్ గారు ముఖాన్నే చెప్పేశారు. ఆవిడకి మొహమాటమనేది పుట్టుకతోనే లేదు.

గది నిండింది. ముందు వరుసలో వీధి చివరి దర్జీ, ఆయన పక్కన ఇన్సూరెన్సు ఏజెంటు. లైబ్రేరియన్ గారు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాస్టారు నిజం రసాయనమే అనిపించడానికి ముఖం పక్కకి తిప్పుకుని, చెయ్యి బారచాచి, సీసాలోది దూది మీద ఒంపారు. అందరూ ముక్కులు ఎగబీల్చారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. మాస్టారి నుదుట చెమట పట్టింది.

అంతలో దర్జీ చెయ్యి లేచింది. "వచ్చిందండోయ్! ఆస్పత్రి వాసన!"

"కాదు కాదు, ఘాటు! ముక్కులో గుచ్చుతోంది!" ఏజెంటు రెండు చేతులూ ఎత్తేశాడు.

ఆ వెనక వరుస, దాని వెనక వరుస, ఆఖరికి కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్న పెద్దాయన కూడా! మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సగం మంది అనుకుంటే గదంతా ఎత్తింది. ఆ మురిపెంలో గుట్టు విప్పడం ఒక్క నిమిషం ఆలస్యం చేశారు. కొంప మునిగింది అక్కడే.

"నాకు తల తిరుగుతోంది," అంటూ ఏజెంటు కుర్చీలో జారగిలబడ్డాడు. మనిషి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు కావడంతో కుర్చీ కూడా ఆయనతో పాటు పడింది. ఎవరో "గ్యాస్!" అని అరిచారు. వీధిలో పోయేవాడు కిటికీలోంచి ఆ ముక్క విన్నాడు. ఆ ముక్క వీధి మలుపు తిరిగేసరికి లైబ్రరీ సగం కాలిపోయింది కూడా. ఫైరింజన్‌కి ఫోను వెళ్ళింది.

"అయ్యా! ఆగండి! అవి నీళ్ళు!" మాస్టారు బల్ల ఎక్కి అరిచారు.

"నీళ్ళకి వాసనేమిటండీ?" అన్నాడు దర్జీ. "మేం కంగారు పడతామని అలా అంటున్నారు. పాపం, మంచి మనిషి."

లైబ్రేరియన్ గారి చూపులో పాత పేపర్ల కట్టలు కనిపించాయి మాస్టారికి. ఇక ఒక్కటే దారి. సీసా ఎత్తి, మిగిలిన దాంట్లోంచి ఒక్క గుక్క తాగేశారు.

మాస్టారి నాలుక చురుక్కుమంది. గొంతు వెచ్చగా మండింది. భయపడాల్సింది పోయి ఆయన పులకరించిపోయారు. ఔరా, మనసు మహిమ! గుట్టు తెలిసిన తనకే మంట పుట్టిందే!

"చూశారా!" అన్నారు. "నాకూ మండుతోంది! నాలుక కూడా మొద్దుబారింది!"

"అయ్యయ్యో, పడిపోతారు, పట్టుకోండి!" అని నలుగురూ ఒక్కసారి మీదపడ్డారు.

ఆస్పత్రిలో డాక్టరు ఏం తాగారని అడిగితే మాస్టారు నీళ్ళన్నారు. పక్కనున్న దర్జీ తల అడ్డంగా ఊపాడు. నర్సు రబ్బరు గొట్టం తెచ్చింది. కడుపు కడగాలట.

"కడిగారంటే నా ప్రయోగం సర్వనాశనం! అవి నీళ్ళే! మా ఆవిణ్ణి అడగండి!"

ఆవిడ అప్పుడే రొప్పుతూ వచ్చింది. ఆయన్నీ, గొట్టాన్నీ చూసి బావురుమంది. "ఏవండీ, మీరు తాగుతారని నాకేం తెలుసు! వాసన చూపిస్తానన్నారు గానీ తాగుతానన్నారా?"

"నీళ్ళే కదే?"

"నీళ్ళే. కాస్త లవంగనూనె..." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఒక్క చెయ్యీ లేవకపోతే అంతమందిలో మీ ముఖం ఏం కాను? మీ మీద నమ్మకం లేక కాదు. జనం మీద లేక."

డాక్టరు వాళ్ళు వెంట తెచ్చిన సీసా వాసన చూసి, ఒక్క గుక్కకేమీ కాదని గొట్టం వెనక్కి పంపేశాడు. దర్జీ, ఏజెంటు ఛాతీ విరుచుకున్నారు. వాళ్ళ ముక్కులు నిజం చెప్పాయి మరి.

సిగ్గుతో మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. చెప్పిందల్లా జనం నమ్మేస్తారని నిరూపించడానికి వెళ్ళాడు తను. తీరా చూస్తే గదిలో ముక్కు వాడకుండా మాట నమ్మినవాడు తనొక్కడే. తన మాటే తను నమ్మాడు!

"పేపర్లు తెచ్చుకోండి మేడమ్," అన్నారు నెమ్మదిగా, వెంట వచ్చిన లైబ్రేరియన్ గారితో.

లైబ్రేరియన్ గారు చేతులు కట్టుకునే ఉన్నారు. "జనం ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చి అడుగుతున్నారండీ, నీళ్ళు తాగితే నాలుక ఎందుకు మొద్దుబారిందీ అని. నేనేం చెప్పను? వచ్చే నెల మీరే వచ్చి చెప్పుకోండి."

మాస్టారు మంచం మీంచి లేచి కూర్చున్నారు. ఎందుకు అని అడిగారట! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మరుసటి నెల పాఠానికి నిలబడ్డానిక్కూడా చోటు లేదు. సీసాకి దగ్గరగా ఉన్న ముందు వరుస మాత్రం ఖాళీగా ఉంది.