పాటలో దాచిన పిలుపు

ఇగ్నాజ్డెన్ పండుగ పొద్దున ఇగ్నాట్ పెట్టుకున్న పని చిన్నదే. క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి సర్మీలు వండాలి, తలుపు తీసి పెట్టాలి, ఎవరైనా వస్తారేమోనని కూర్చోవాలి. ఇగ్నాట్ అనే పేరున్నవాళ్లందరికీ ఆ రోజు పేరు పండుగ. పేరు పండుగకు ప్లోవ్‌దివ్ ఊళ్లో ఎవరూ ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. పైగా ఆ రోజు మొదట గడప తొక్కిన మనిషిని బట్టే ఇంట్లో ఏడాదంతా మంచీచెడూ నడుస్తుంది. పోయినేడు కింది వాటా త్సేనా అవ్వ తొక్కింది. ఆ ఏడే బాయిలర్ పేలింది, భార్య విడిచి వెళ్లింది. ఈసారి అవ్వ మెట్ల వైపు కూడా చూడలేదు.

ఫోను మోగితే ఇగ్నాట్‌కు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే అతను పనిచేసే పాటల కంపెనీ యజమానురాలు రుమ్యానా.

"కొత్త పాట విడుదలకు ముందే బయటికి పొక్కింది. ఎవరికిచ్చిన ప్రతో చూద్దామని కంప్యూటర్లో పెట్టి చదివించా. పేరుండాల్సిన చోట 'ఇగ్నాజ్డెన్‌కి ఇగ్నాట్ ఇంటికి రండి, నాలుగో అంతస్తు, తలుపు తీసే ఉంటుంది' అని ఉంది. ఏంటిది?"

రేడియోవాళ్లకు పంపే ఒక్కో ప్రతిలోనూ, చెవికి అందనంత సన్నగా, తీసుకున్నవాళ్ల పేరు దాచడమే ఇగ్నాట్ ఉద్యోగం. డప్పుల మోత చాటున గుసగుస లాంటిదది. ప్రోగ్రాం పెట్టి చదివిస్తే తప్ప బయటపడదు.

"పరీక్షకు రాసుకున్న మాట మేడమ్. తీసేయడం మర్చిపోయా."

"ఎన్ని ప్రతుల్లో?"

"అన్నింట్లో."

నిజానికి మర్చిపోలేదు. నోరు తెరిచి పిలిస్తే పరువు పోతుంది, పిలవకపోతే ఒంటరితనంతో ప్రాణం పోయేట్టుంది. అందుకే ఎవరూ వినని చోట పిలిచాడు.

మధ్యాహ్నానికి గాయని ఏడుపు లంకించుకుంది: నా గొంతులో ఇంటి అడ్రసు అమ్ముకుంటారా అని. తీసి ఉంచిన ఆ తలుపు దగ్గరే దొంగ పాటల బేరం సాగుతోందని కంపెనీ లాయరు తేల్చాడు. తేల్చి, మెట్లెక్కి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"లోపలికి రండి సార్, సర్మీలు వేడిగా ఉన్నాయి."

"వద్దులే. రేపు నీ ఏడాది పాడైతే నా మీద పడతావు. సాయంత్రంలోగా దొంగ పేరు చెప్పు, లేకపోతే ఉద్యోగం మర్చిపో."

అతను వెళ్లాక సర్మీలు చల్లారాయి. ఇగ్నాట్ మళ్లీ వేడి చేశాడు.

పొద్దువాలాక ఒకతను వైన్ సీసాతో వచ్చి, కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు.

"పండుగ శుభాకాంక్షలు ఇగ్నాట్ అన్నా. నేను బ్లాగోయ్‌ని, రేడియోలో సౌండు చూస్తాను."

ఇగ్నాట్ కళ్లు చెమర్చాయి. వడ్డించాడు, పోశాడు, కొసరి కొసరి తినిపించాడు. ఆ తర్వాత అనుమానం వచ్చింది.

"తమ్ముడూ, ఇల్లెలా తెలిసింది?"

"పాటలో ఉందిగా అన్నా."

"వింటే తెలీదే."

బ్లాగోయ్ నమలడం ఆపాడు. "మా స్టూడియోలో చదివే ప్రోగ్రాం ఉంది. నా పేరు దాచారేమోనని చూశా. లేదు. ఆ ధైర్యంతోనే మా మరదలికి పంపా. అది ఊరంతా పంచింది. కానీ నీ మాట మనసులో ముల్లులా గుచ్చుకుపోయిందన్నా. పేరు పండుగకి మనలో ఎవరైనా పిలుస్తారా? పిలిచాడంటే ఆ మనిషి ఎంత..." అని ఆగిపోయాడు.

ఫోను మోగింది. "దొంగ దొరికాడా?" అంది రుమ్యానా.

ఇగ్నాట్ ఎదురుగా ఉన్న కంచం వైపు చూశాడు.

"దొరికాడు మేడమ్. భోంచేస్తున్నాడు. రేపు నేనే వెంటబెట్టుకొస్తా."

ఫోను పెట్టేసి ఇంకో రెండు సర్మీలు వడ్డించాడు. ఏడాదంతా ఇంటికి కలిసిరావాల్సింది ఇతని వల్లే కదా.