ఊరికే తీసిన మీసం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఒక శనివారం ఉదయం, ఏలూరులో కాలవగట్టు వీధిలో, శ్రీరామమూర్తి పెరటి గోడకు అద్దం తగిలించుకుని తన మీసం తానే తీసేసుకున్నాడు. ఆ రోజుకు ఆయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మీసం తీయడం, స్నానం, ఆఫీసు, సాయంత్రం ఆరున్నరకు నాటకం. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ మనవాళ్ళకు ఒకడి మూతి చూసి ఊరుకోవడం చేతకాదు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నలభై ఆరేళ్ళ మనిషికి నాటకాల పిచ్చేమిటని అడగకండి. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఊళ్ళో ఒక నాటక సమాజంలో తెరవెనక నిలబడి అందరికీ మాటలు అందిస్తున్నాడు. వేసిన ప్రతి నాటకమూ ఆయనకు కంఠతా వచ్చు. ముఖానికి రంగు మాత్రం ఎన్నడూ పడలేదు. తండ్రి సూర్యప్రకాశరావుగారు తాడేపల్లిగూడెంలో రిటైరైన హెడ్మాస్టరు. కొడుకు రంగు పూసుకున్న నాటితో తనకు కొడుకు లేడనుకుంటానని ఎప్పుడో తేల్చి చెప్పేశారు. ఇన్నాళ్ళకు, కాలేజీ కుర్రాడి వేషం కట్టవలసినవాడికి బందరు బదిలీ కావడంతో, ఆ వేషం శ్రీరామమూర్తికి దక్కింది. ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే భార్య సుబ్బలక్ష్మి ఆ పూటే మామగారికి కార్డు రాసేస్తుంది.

చిక్కల్లా మీసంతో వచ్చింది. నాటకంలో నాయిక ఆ కుర్రాణ్ణి పట్టుకుని మూతిమీద మీసమైనా రాలేదని ఎగతాళి చేయాలి. బట్టతలకు విగ్గు ఉంది కానీ మీసం దాచే ఉపాయం లేదు. తండ్రి బతికుండగా మీసం తీయకూడదు గనక శ్రీరామమూర్తి వారం రోజులు ససేమిరా అన్నాడు. శుక్రవారం సాయంత్రం సమాజం కార్యదర్శి అచ్యుతరావు, "అయితే వేషం మన జగన్మోహనరావుగారికి ఇస్తానండీ" అన్నాడు. తెల్లవారేసరికి శ్రీరామమూర్తి చేతిలో కత్తి ఉంది.

స్నానం ముగించి, తడిపంచెతో, బోడితలతో, బోడిమూతితో నూతి దగ్గర నిలబడ్డ ఆయన్ని పక్కింటి ఆండాళ్ళు గోడమీదుగా చూసింది. చేతిలో చెంబు జారవిడిచింది.

"అయ్యయ్యో, అన్నయ్యగారూ! గూడెం నుంచి కబురెప్పుడొచ్చిందండీ?"

"ఏం కబురు?"

"మీ నాన్నగారు..."

"మా నాన్నకేం? గుండ్రాయిలా ఉన్నారు!"

"మరి మీసమేదండీ?"

నాటకం మాట ఎత్తితే సాయంత్రంలోగా గూడెం చేరుతుంది. "ఊరికే తీశాను" అన్నాడు.

"శనివారంనాడు ఊరికే ఎవరు తీస్తారండీ?"

శనివారం క్షౌరం పనికిరాదనీ, తప్పనిసరైతే తప్ప ఎవరూ కత్తి పట్టరనీ ఆ వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాటకం ధ్యాసలో శ్రీరామమూర్తికే గుర్తు లేకపోయింది. చెప్పడానికి కారణం లేక ఆయన గట్టిగా అరిచాడు. "నా మూతి, నా ఇష్టం! మీకెందుకండీ!"

ఆండాళ్ళు కళ్ళొత్తుకుంది. "పాపం, దుఃఖం. పైకి కోపంలా కనిపిస్తుంది."

కొల్లేటికోట చేపలు గంపలో పెట్టుకుని బజారుకు పోతున్న ముత్యాలమ్మ ఒక్క నిమిషం ఆగి విని, చెంపలు నొక్కుకుని సాగిపోయింది. ఆవిడ గంప దించేసరికి వార్త బజారంతా తెలిసిపోయింది. సుబ్బలక్ష్మి వంటింట్లోంచి వచ్చి మొగుడి మూతి చూసి గడపలోనే కూలబడింది.

"నాన్నకేమీ కాలేదే!" అన్నాడు శ్రీరామమూర్తి.

"నేను తట్టుకోలేనని దాస్తున్నారు. మామయ్యగారు మొన్న కార్డులో కూడా మోకాళ్ళు సలుపుతున్నాయని రాశారండీ" అంటూ ఆవిడ గొల్లుమంది.

మోకాళ్ళు సలిపి ఎవరూ పోరని చెప్పి, చొక్కా తొడుక్కుని, తలుపు ధడాల్న వేసి ఆయన ఆఫీసుకు పోయాడు.

ఆఫీసులో అంతా లేచి నిలబడ్డారు. హెడ్ క్లర్కుగారు ఎదురొచ్చి భుజంమీద చెయ్యి వేశారు. "మూర్తిగారూ, ఈ స్థితిలో కూడా డ్యూటీకి వచ్చారా!"

"ఏ స్థితండీ? మా నాన్న బతికే ఉన్నారు!" అని శ్రీరామమూర్తి బల్లమీద గుద్దాడు. సిరాబుడ్డి దొర్లి పడింది.

"ఏడవండి. లోపల దాచుకోకండి" అన్నారు హెడ్ క్లర్కుగారు. ఆయనకే కన్నీళ్ళొచ్చాయి. సెలవు చీటీ తానే రాసి, ఇద్దరు ప్యూన్ల చేత జట్కా ఎక్కించి, తాను స్వయంగా పోస్టాఫీసుకు వెళ్ళి గూడెంలోని కుటుంబానికి సంతాపం టెలిగ్రాం ఇచ్చారు. అంత దయగల మనిషి ఒక్కడుంటే చాలు, ఊరు ఊరంతా చెడిపోవడానికి.

ఇంటికి వచ్చేసరికి అరుగుమీద కాలు పెట్టే చోటు లేదు. లోపల పొయ్యి వెలగలేదు. మనిషి పోయిన రోజు వెలిగించకూడదట. శ్రీరామమూర్తికి ఆకలి వేసినకొద్దీ కోపం పెరిగింది, కోపం పెరిగినకొద్దీ వచ్చినవాళ్ళ జాలి పెరిగింది. కూర్చోబెట్టారు, విసిరారు, మంచినీళ్ళు ఇచ్చారు. అన్నం మాత్రం ఒక్కరూ పెట్టలేదు. అయిదింటికి పెరటి దారిన హాలుకు పారిపోదామని ఆయన పళ్ళబిగువున కూర్చున్నాడు.

మూడింటికి అచ్యుతరావు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "మైలలో ఉన్నవారు స్టేజీ ఎక్కకూడదు కదండీ. మధ్యాహ్నమే వేషం జగన్మోహనరావుగారికి ఇచ్చేశాం."

"మీసం తీయమన్నది మీరే కదయ్యా!"

"తీయమన్నాను కానీ మీరు తీస్తారనుకోలేదండీ. నాన్నగారు బతికుండగా తీయనని వారం పాటు మీరే అన్నారు. ఇవాళ తీశారంటే..."

జవాబు లేని మాట కన్నా కోపం తెప్పించేది లోకంలో మరొకటి లేదు. శ్రీరామమూర్తి లేచి అచ్యుతరావు ఉత్తరీయం పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వీధిలో జట్కా ఆగింది. చేతికర్ర, దాని వెనక పిలక, పిలక కింద సూర్యప్రకాశరావుగారు దిగారు. ఆండాళ్ళు కెవ్వున అరిచింది.

"ఎవడు చచ్చాడిక్కడ?" అన్నారాయన టెలిగ్రాం కాగితం ఆడిస్తూ. "నేను చచ్చినందుకు సంతాపం తెలియజేస్తూ దీన్ని ఇచ్చిన పెద్దమనిషి ఎవరు? నేను పోయినట్టు నా చేతే సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు పోస్టుమాను!"

ఆఫీసునుంచి పరామర్శకు వచ్చి కూర్చున్న హెడ్ క్లర్కుగారు స్తంభం చాటుకు తప్పుకున్నారు. పెద్దాయన కొడుకు మూతి చూశారు. కర్ర నేలకేసి కొట్టారు.

"నేనుండగా మీసం తీస్తావట్రా! ఎందుకు తీశావు?"

"ఊరికే..."

"ఊరికేనా?"

పొద్దుటినుంచీ బిగబట్టిందంతా శ్రీరామమూర్తి నోట ఒక్కసారి వచ్చేసింది. "నాటకానికండీ! ఇరవై రెండేళ్ళుగా తెరవెనక నిలబడి అడ్డమైనవాళ్ళందరికీ మాటలు అందించాను. వాళ్ళు తడబడితే చెమటలు పట్టింది నాకు, చప్పట్లు వాళ్ళకు. ఒక్క వేషం, ఒక్కటంటే ఒక్కటి దొరికింది. దానికోసం మీసం తీశాను. అదీ పోయింది. ఇప్పుడు కొడుకు లేడనుకుంటారో ఏమనుకుంటారో మీ ఇష్టం!"

పెద్దాయన కొడుకు బట్టతల వైపు చూశారు.

"ఏం వేషం?"

"కాలేజీ కుర్రాడు."

"నువ్వా?"

"నేనే."

ఆయన అచ్యుతరావు వైపు తిరిగారు. "నాటకమంటే నాకు అసహ్యమయ్యా. ఇప్పటికీ అసహ్యమే. కానీ వీడు ఆ వేషం కట్టకపోతే ఈ మీసం దేనికి తీసినట్టు? నాకోసమేనని ఊరంతా అనుకుంటుంది. నేను బతికున్నానని జనానికి తెలియాలంటే వీడు స్టేజీ ఎక్కి తీరాలి. ముందు వరుసలో నాకో కుర్చీ వేయించు. అమ్మాయీ, ముందు పొయ్యి వెలిగించి వీడికింత అన్నం పెట్టు."

సుబ్బలక్ష్మి పరిగెత్తింది. శ్రీరామమూర్తి స్తంభానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పొద్దుటినుంచీ ఏడవమని బతిమాలినవాళ్ళలో ఒక్కరూ అప్పుడు ఆయన వైపు చూడలేదు. అందరూ పెద్దాయన కాళ్ళకు దండాలు పెడుతున్నారు.

ఆ సందట్లో జగన్మోహనరావు గుమ్మంలోకి వచ్చాడు. మాటలన్నీ గుర్తులు పెట్టి ఉన్న నాటకం పుస్తకం శ్రీరామమూర్తి దగ్గరుందని తీసుకుపోవడానికి వచ్చాడు. తల వంచి లోపలికి వచ్చిన మనిషి ముఖం పైకెత్తాడు. అతనూ మీసం తీసేశాడు.

"అయ్యయ్యో! వట్లూరులో మీ నాన్నగారు కూడానా అండీ?" అంది ఆండాళ్ళు.

వట్లూరు ఎంతో దూరం కాదు గనక హెడ్ క్లర్కుగారు ఈసారి టెలిగ్రాం ఇవ్వలేదు, సైకిలెక్కారు.