మలుపులో మూలుగు

సోమవారం పొద్దున మోతుసా పెట్టుకున్న పని ఒక్కటే. చేమదుంపల బుట్టలు వ్యానులో వేసుకుని సలెలోలోగా సంతకు వెళ్ళడం, సాయంత్రం ప్రార్థన వేళకు ఇల్లు చేరడం. భార్య సియేని పక్కన కూర్చుంది. చర్చి దగ్గర కుడివైపు మలుపు తిప్పేసరికి ముందు చక్రం దగ్గర ఏదో సన్నగా, సాగదీస్తూ మూలిగింది. చివర టక్‌మని విరిగినట్టయింది.

సియేని ముఖంలో రక్తం లేదు. "అమ్మ," అంది.

ఆమె తల్లి లాగితూపు పోయి నెల తిరగలేదు. బతికినన్నాళ్ళూ చాప మీద నుంచి లేచేటప్పుడు ఆవిడ సరిగ్గా అలాగే మూలిగేది. చివర్లో మోకాలు టక్‌మనేది. శవపేటికను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఈ వ్యానే. ఇంటి ముంగిట సమాధి కట్టాక వ్యానును నిలిపేది కూడా దాని పక్కనే.

చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర హాయిగా ఉంటారని మోతుసా ప్రతి ఆదివారం మనస్ఫూర్తిగా నమ్ముతాడు. సోమవారం ఆ నమ్మకం మలుపు దాకానే వచ్చింది.

ఎడమకు తిప్పితే చప్పుడు లేదు. సంత నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఇంటికి కుడివైపే తిరగాలి. సవాయి దీవి చుట్టూ ఉన్నది ఒకటే రోడ్డు కాబట్టి, మోతుసా అవతలి దిక్కున బయలుదేరి దీవంతా చుట్టి వచ్చాడు. అలా వస్తే ఇల్లు ఎడమ చేతికి వస్తుంది. ఆలోచన బాగానే ఉంది గానీ, ఊరి పొలిమేర చేరేసరికి పొద్దు వాలింది, ప్రార్థనకు శంఖం ఊదారు. ఆ వేళ ఊళ్ళో ఎవరూ కదలకూడదు. కాపలా ఉన్న పెద్దలు వ్యానును పక్కకు తీయమని చేత్తో చూపించారు. చూపించింది కుడివైపు.

ఊరంతా తల వంచుకుని నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణాన, లాగితూపు మూలుగు ఇంటింటికీ వినబడింది.

ప్రార్థన ముగిసేలోపే సంగతి ఊరు దాటింది. మర్నాడు మెకానిక్ యోసువా మలుపు దాకా వ్యాన్లో వచ్చి, విని, దిగిపోయాడు. "బ్రేకులైతే చూస్తాను బావా. గొంతులు చూడను," అన్నాడు. పోతూ పోతూ, లాగితూపు పెద్దమ్మ దగ్గర అడగకుండా తీసుకున్న గొడ్డలి రేపు తెచ్చి ఇస్తానన్నాడు. చర్చి గాయకబృందాన్ని నడిపే ఫిలొమేన బజారు దాకా ఎక్కించుకోమని అడిగి, మొదటి మలుపులోనే ఏడుపందుకుంది. ముసలావిడ పాడవలసిన చరణం ఈస్టరుకు తన కూతురికి ఇప్పించుకుందట. ఆ తరువాత వ్యాను ఎక్కిన ప్రతివాడికీ ఏదో ఒకటి గుర్తుకొచ్చింది. ఆవిడకు ఇంతమంది ఇన్ని బాకీలు పడి ఉన్నారని మోతుసాకు అప్పటిదాకా తెలియదు.

బుధవారం కుటుంబ పెద్ద సాపోలు మామయ్య కబురు పంపాడు. లాగితూపుకు సొంత తమ్ముడాయన. అక్క సమాధిలో సరిగ్గా పడుకోలేదు, ఎక్కడో ఒత్తుకుంటోంది, శనివారం సమాధి తెరిచి సర్దుదామని తీర్మానం. పాతకాలంలో అలా చేసేవాళ్ళు కూడా.

సియేని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నెల కూడా కాని అమ్మను తవ్వి బయటపెడతారా? నేను చూడలేను. ఏదో ఒకటి చెయ్యి," అంది.

ఏం చెయ్యాలో మోతుసాకు తెలియదు. గురువారం మామయ్య దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. మామయ్య మెత్తబడలేదు, తన చెవులతో తాను వినాలన్నాడు. వ్యాను ఎక్కాడు. మలుపు వచ్చింది. ఈసారి మూలుగు ఎన్నడూ లేనంత పొడవుగా సాగి టక్‌మంది. మామయ్య బండి ఆపించి, దిగి, చేతికర్ర వ్యాన్లోనే మరిచిపోయి నడిచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా సియేని తలుపు తీసి గుమ్మంలోనే కొయ్యబారింది. సముద్రం మీది పొగమంచు ముంగిలంతా పరుచుకుని ఉంది. సమాధికీ వ్యానుకూ మధ్య, నిన్నటిదాకా లేని ఒక గుట్ట. దాని మీద తల్లి ఏళ్ళ తరబడి నేసిన మొగలాకు చాప. అంత్యక్రియల నాడు కనబడకుండా పోయిన చాప.

గుట్ట దగ్గింది.

"నేనేనమ్మా," అంది సాపోలు మామయ్య గొంతు.

పెద్ద తప్పు చేసినవాడు అలా చాప కప్పుకుని ఎదుటివారి ముంగిట కూర్చోవడం అక్కడి రివాజు. వాళ్ళు వచ్చి చాప తొలగిస్తే క్షమించినట్టు. నీకోసం నేసిన చాప నేనే తీసుకున్నానని మామయ్య లోపలి నుంచే చెప్పాడు. సియేని చెయ్యి చాచబోతే వద్దన్నాడు.

"నువ్వు కాదు. అక్క చెప్పాలి. అదిగో, ఆ వ్యాన్ని తిప్పు. ఆవిడ పలికితేనే లేస్తాను."

సియేని వ్యాన్లో కూర్చుని ఇంజను వేసింది. మాటలు విని మోతుసా బయటికి వచ్చాడు గానీ, పెద్దవాడు నేల మీద ఉండగా అతను నిలబడకూడదు. అందుకని మామయ్య పక్కనే బురదలో కూర్చుని, తల వంచాడు. అతని కళ్ళు చక్రం ఎత్తుకు వచ్చాయి. నాలుగైదు రోజులుగా ఇంతమంది విన్న ఆ చోటును ఎవరూ చూడలేదు.

స్టీరింగు తిరిగింది. చక్రం తిరిగింది. చక్రం వెనకున్న లావుపాటి స్ప్రింగు మాత్రం తిరగకుండా మొరాయించి, మెలిపడుతూ మూలిగి, ఇక ఆగలేక టక్‌మని ఒక్క గెంతు గెంతింది.

మోతుసా నోరు తెరిచాడు. పక్కన చాప కింద ముసలాయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మోతుసా నోరు మూసుకున్నాడు. సియేని దిగి వచ్చి చాప తీసింది. మామయ్య ఆమెను పట్టుకుని, సమాధి జోలికి ఎవరూ వెళ్ళరని అక్కడికక్కడే మాటిచ్చాడు. ముగ్గురూ కోకో తాగారు.

తాను చూసింది మోతుసా యోసువాకు చెప్పాడు.

"స్ప్రింగు పైన బేరింగు పట్టేసింది. ఉప్పుగాలి. ముందే చెప్పొచ్చుగా, బావా?"

"నువ్వు ముందే చూడొచ్చుగా?"

బేరింగు మార్చాక వ్యాను నోరెత్తలేదు. లాగితూపు క్షమించిందని ఊరంతా సంతోషించింది. అది మోతుసాను లోపల తొలిచింది. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, నిజం చెప్పకపోవడం పాపమా అని అడిగాడు. ఆయన, ఎవరైనా అడిగితే దాచకు అన్నాడు. ఎవరూ అడగలేదు. ఆవిడ పలికిందా, ఇనుము పలికిందా అన్నది సియేనికి కూడా పట్టలేదు. తల్లి కదలకుండా పడుకుని ఉంది, అది చాలు.

వానాకాలం మొదట్లో వ్యాను ఎడమ మలుపులో మూలిగింది. ఈసారి గొంతు బరువుగా, మగగొంతులా ఉంది. అవతలి వైపు బేరింగేనని మోతుసాకు బాగా తెలుసు. అయినా ముందు తన తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళి, కాసేపు తల వంచుకుని కూర్చుని, ఆ తరువాతే యోసువాకు కబురు పెట్టాడు.