గీత కింద పదకొండు ఇళ్ళు

ప్రజాస్వామ్యంలో ప్రతి మనిషికీ ఒక ప్రతినిధి ఉంటాడు. ఇది చట్టం. ప్రతినిధి లేని మనిషి అంటూ ఉండడానికి వీల్లేదు కనుక, అలాంటి మనిషి ఎక్కడైనా కనబడితే తప్పు చట్టానిది కాదు, కనబడ్డ మనిషిది. ఈ సంగతి మన దర్జీ ఆవిడకు ముందే తెలిసి ఉంటే రెండు జతల చెప్పులు అరిగేవి కావు.

ఆవిడ ఉండేది ఒక సందులో. పదకొండు ఇళ్ళు, చివర ఒక బడి, సందు మొదట్లో మురుగుకాలువ, అది దాటడానికి ఒక రాతిబండ. ఏడు నెలల కిందట పెద్ద వానకు ఆ బండ మధ్యకి విరిగింది. అప్పటినుంచి సందు జనం అంగవేసి దాటుతున్నారు. అంగవేయలేనిది దర్జీ ఆవిడ అత్తగారు ఒక్కతే. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. ప్రతి గురువారం ఆస్పత్రికి వెళ్ళి కాలికి వ్యాయామం చేయించుకోవాలి, లేకపోతే కాలు అలాగే బిగుసుకుపోతుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. బండ విరిగాక ఆటో సందులోకి రాదు. కొడుకు లారీ తోలుతాడు. అతను ఇంట్లో ఉన్న గురువారాల్లో తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురింటి ప్లంబరుతో కలిసి చెరోవైపు పట్టుకుని కాలువ దాటించేవాడు.

ఆ కుర్చీ ఊరేగింపు అత్తగారికి చచ్చేంత నామోషీ.

"నలభై ఏళ్ళు నా కాళ్ళమీద నేను నడిచిన దారే ఇది. ఇప్పుడు బీరువాని మోసినట్టు మోస్తారా? నేను రాను పో," అని మూడు గురువారాలుగా మొండికేసింది. కాలు డాక్టరు మాట నిజం చేయడం మొదలుపెట్టింది.

బండ మార్చడానికి ఏం కావాలో పట్టణ కార్యాలయం వారు ఒక్క ముక్కలో తేల్చి చెప్పారు. ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం కావాలి. (బండ కూడా కావాలి, కానీ అది తర్వాతి మాట.)

పోయిన ఎన్నికల దాకా ఊరంతటికీ ఒక్కరే ఎమ్మెల్యే. ఆ తర్వాత ప్రజలకు పాలన మరింత దగ్గర కావాలని ఊరిని తూర్పు, పడమర అని రెండు నియోజకవర్గాలుగా చీల్చారు. ఉప ఎన్నికలు పెట్టేదాకా చెరో పక్కకీ ఒక తాత్కాలిక సభ్యుణ్ణి నియమించారు. దర్జీ ఆవిడ ముందు తూర్పు ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి సహాయకుడు కంప్యూటర్లో వెతికి, నిజంగానే జాలిపడ్డాడు.

"మీ సందు మాది కాదమ్మా. పడమర వాళ్ళది. మాదే అయ్యుంటే ఈపాటికి కొత్త బండ వేసేసేవాళ్ళం."

పడమర ఆఫీసులో సహాయకురాలు ఇంకా మర్యాదస్తురాలు. కూర్చోమని కుర్చీ చూపించి మరీ, "మీది తూర్పు కదండీ, ఎవరు చెప్పారు మాదని?" అంది. రెండు చోట్లా తిరిగి వచ్చేస్తున్నప్పుడు ఎమ్మెల్యే ఫొటో ఉన్న క్యాలెండరు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక అత్తగారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇద్దరికీ పళ్ళు బాగున్నాయే," అంది.

ఇక మిగిలింది సరిహద్దుల కార్యాలయం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, వరండా నిండా తాళాలు పోయిన ఇనప బీరువాలు. అక్కడ ఒక గుమస్తా ఉన్నాడు. ఎప్పుడూ చేతిలో భూతద్దం ఉంటుంది కనుక అందరూ ఆయన్ని భూతద్దం గారనే అంటారు. ఆయన బల్లమీద పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు పేపరువెయిట్లు పెట్టి, పావుగంట సేపు వంగి చూశాడు.

"దొరికిందమ్మా. మీరు తూర్పులో లేరు."

"అయితే పడమరేనా?"

"పడమరలోనూ లేరు. మీరు గీత కింద ఉన్నారు."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా వివరించాడు. సరిహద్దులు గీసే రోజున ఆఫీసులో సన్నపు పెన్నులు అయిపోయాయి. ఇండెంటు పెట్టారు, రాలేదు. గడువు మాత్రం వచ్చింది. అందుకని పటం గీసే ఆయన తన కూతురి స్కెచ్ పెన్ను తెచ్చి గీశాడు. గీత రెండు మిల్లీమీటర్ల మందం వచ్చింది. పటం మీద సెంటీమీటరంటే నేలమీద రెండువందల మీటర్లు. ఆ లెక్కన గీత నేలమీద నలభై మీటర్ల వెడల్పు. మిగతా అంతటా అది వాగు మీదా, పెద్దరోడ్డు మీదా పోయింది కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. ఒక్కచోట మాత్రం వీళ్ళ సందు మీదుగా పోయింది. గీతకు కుడివైపు తూర్పు, ఎడమవైపు పడమర. గీత గీతే.

"గీత తప్పుగా గీశారనేగా?" అంది దర్జీ ఆవిడ.

"తప్పెలా అవుతుందమ్మా? పైవాళ్ళు సంతకం పెట్టారు."

దర్జీ ఆవిడకు ఒళ్ళు మండింది. కానీ పని కావాలి గనక గొంతు తగ్గించి మాట్లాడింది.

"అయ్యా, నేను ఇరవై ఏళ్ళుగా బట్ట కత్తిరిస్తున్నాను. సుద్దతో గీసిన గీతకీ మందం ఉంటుంది. దానికి లోపల కత్తిరిస్తే బిగుతు, బయట కత్తిరిస్తే వదులు. ఎటు కత్తిరించినా ఆ గీత ఏదో ఒక ముక్కతో పోతుంది. అంతేగానీ గీతంత బట్టని తీసి అవతల పారేస్తామా?"

భూతద్దం గారు భూతద్దం కింద పెట్టి ఆమెను మొదటిసారి మామూలు కళ్ళతో చూశాడు.

"చాలా బాగా చెప్పారమ్మా. ఇదే మాట రాసివ్వండి, ఫైల్లో పెడతాను."

ఆమె రాసిచ్చింది. ఆయన ఫైల్లో పెట్టాడు. (ఈ కథలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది ఆయన ఒక్కడే.)

అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్పై రోజుల గడువు ఇచ్చారట. ఆ నోటీసును తూర్పు ఆఫీసులో తూర్పువాళ్ళ కోసం, పడమర ఆఫీసులో పడమరవాళ్ళ కోసం అతికించారట. గీత కింద ఉన్నవాళ్ళ నుంచి ఒక్క అభ్యంతరమూ రాలేదు కనుక వాళ్ళు తృప్తిగా ఉన్నట్టు నమోదైంది. ఇప్పుడైనా మించిపోయింది లేదు, గీత కింది నివాసుల విజ్ఞాపన పత్రం అని ఒకటి ఉంది, నింపి, తమ ఎమ్మెల్యే సంతకంతో తెస్తే పరిశీలిస్తారు.

"మా ఎమ్మెల్యే ఎవరండీ?"

"అది తేలాక తీసుకురండి," అన్నాడాయన.

ఇంతలో ఎన్నికలు వచ్చిపడ్డాయి. ఊరంతా మైకులు, జెండాలు, దండాలు. తూర్పు ఊరేగింపు సందు మొదట్లోకి వచ్చి వెనక్కి తిరిగేది. పడమర ఊరేగింపు బడి వెనక దాకా వచ్చి అదే పని చేసేది. మైకుల గోల తప్పినందుకు మొదటి రెండు రోజులూ సందు జనం సంబరపడ్డారు. మూడో రోజు నుంచి లోపల్లోపల గుచ్చుకోవడం మొదలైంది. అబద్ధపు హామీ అయినా సరే, తమకీ ఒకటి ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది. ప్లంబరు పెళ్ళాం ఉతికిన చీర కట్టుకుని వారం పాటు గుమ్మంలో నిలబడింది. ఎవరూ రాలేదు.

కానీ పెద్దలు సందును మరిచిపోయారనుకుంటే పొరపాటు. పోలింగు కేంద్రం ఎక్కడ పెట్టాలన్న విషయంలో తూర్పూ పడమరా కొట్టుకుంటుంటే, పై అధికారికి ఒక ఆలోచన తట్టింది. సందు చివరి బడి ఎవరి నియోజకవర్గంలోనూ లేదు. అంతకు మించి నిష్పాక్షికమైన స్థలం ఎక్కడ దొరుకుతుంది? ఒక గదిలో తూర్పు ఓట్లు, ఇంకో గదిలో పడమర ఓట్లు.

ఓటర్లకు కష్టం కలగకూడదని పోలింగు ముందురోజు నలుగురు మనుషులు వచ్చి విరిగిన బండ మీద దళసరి చెక్కల వంతెన వేశారు. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు కూడా బిగించారు. దర్జీ ఆవిడ చూస్తూ నిలబడింది. నలభై నిమిషాల పని. ఏడు నెలలు తిరిగింది ఈ నలభై నిమిషాల కోసమా అని ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

పోలింగు రోజు గురువారం. ఏడు నెలల తర్వాత సందులోకి ఆటో వచ్చింది. అత్తగారు కమ్మీ పట్టుకుని తన కాళ్ళమీద తానే వంతెన మీద అటూ ఇటూ ఒకసారి నడిచి చూసి, అప్పుడెక్కింది ఆటో. ఆస్పత్రి నుంచి వచ్చాక కోడలు ఓటేద్దామని బడికి వెళ్ళింది. తూర్పు వరసలో గంట నిలబడితే జాబితాలో పేరు లేదన్నారు. పడమర వరసలో ఇంకో గంట. అక్కడి అధికారి పేజీలన్నీ తిరగేసి తల ఎత్తాడు.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"అదిగో, కిటికీలోంచి కనబడుతోందే, ఆ పచ్చ తలుపు."

"అరె, ఎంత దగ్గరో," అన్నాడాయన మెచ్చుకుంటున్నట్టుగా. "తర్వాతివాళ్ళు రండి."

చీకటి పడకముందే ఆ నలుగురూ మళ్ళీ వచ్చి, చెక్కలూ కమ్మీలూ విప్పి లారీకెక్కించారు. దర్జీ ఆవిడ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది. అవి ఎన్నికల సామగ్రి, మేకుతో సహా అప్పజెప్పాలి అన్నారు. మరుసటి గురువారం అత్తగారు ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుంది.

నెల తర్వాత రిజిస్టరు పోస్టులో ఒక కవరు వచ్చింది. ఎన్నికల కార్యాలయం నుంచి. ఏ జాబితాలోనూ లేనివారి జాబితా అని వాళ్ళ దగ్గర ఒకటి ఉంది, అది అక్షరక్రమంలో చాలా శ్రద్ధగా తయారైంది. దాని ప్రకారం ఈ సందులో ముప్పై ఒక్కమంది పెద్దవాళ్ళు ఉండగా, గుమ్మం ముందే పోలింగు కేంద్రం పెట్టినా ఒక్కరూ ఓటు వేయలేదు. ఇది ప్రజాస్వామ్యం పట్ల తీవ్రమైన నిర్లక్ష్యం. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, నియోజకవర్గం పేరు రాయని సంజాయిషీలు తిరస్కరిస్తారు.

కోడలు చదువుతుంటే అత్తగారు మంచంమీద కాలు చాపుకుని విన్నది.

"ఇన్నాళ్ళూ మనం ఎక్కడున్నామో ఎవరికీ తెలియలేదు కదే, ఈ ఉత్తరం ఎలా వచ్చింది?" అంది.

దర్జీ ఆవిడ కవరు తిప్పి చిరునామా పైకి చదివింది. పేరు, ఇంటి నంబరు, పచ్చ తలుపు, గుర్తు: విరిగిన బండ ఎదురుగా.

అత్తగారు చెయ్యి చాపి కవరు తీసుకుంది.

"అయితే బండ విరిగిందని వాళ్ళకి తెలుసన్నమాట."