పన్నెండు కప్పుల క్షౌరసంగ్రామము

వినుడు! మేఘములకు తప్ప మరెవ్వరికిని తీరిక లేని ఆంగ్లభూమండలమున, స్లౌ మహానగరమున, వేప్ సిగరెట్ల దుకాణమునకును చికెన్ టేకవేకును నడుమ వెలసిన మహమూద్ క్షౌరశాలలో, ఒక బుధవారము మధ్యాహ్నము ఒంటిగంట పది నిమిషముల శుభముహూర్తమున, సిద్దిపేట సంజాతుడును, డేటా అనలిటిక్స్‌లో మాస్టర్స్ పట్టా పుచ్చుకొన్నవాడును, నలుబదియొక్క కంపెనీలు ప్రయోగించిన ‘అన్‌ఫార్చునేట్లీ’ అను ఈమెయిలు బాణములకు రొమ్ము చూపినవాడును, వీసాలో ఆరు వారములు మాత్రమే మిగిలినవాడును అగు సాకేత్ నల్లకుర్చీని అధిరోహించెను.

రెండు గంటలకు వీడియో ఇంటర్వ్యూ. అది నలుబది రెండవ కంపెనీ. ఇది కూడ పోయినచో విమానము టికెట్టు తప్పదు. క్రాపు చక్కగా ఉన్నచో ఉద్యోగము వచ్చునని ఏ శాస్త్రమును చెప్పలేదు గాని, మిగిలినవన్నియు ప్రయత్నించి చూచినాడు గదా!

కైరోనుండి వచ్చి స్లౌలో స్థిరపడిన మహమూద్ మహాశయుడు కత్తెరవిద్యలో అసమానుడే. ఒక్కటే చిక్కు. గోడ మీద ఎర్ర జెండా, జెండా మీద గ్రద్ద, గ్రద్ద క్రింద ఆయన. అల్ అహ్లీ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర ఆయనకు కంఠస్థము. ఆ క్లబ్బు తొలి అధ్యక్షుడు ఒక ఇంగ్లీషువాడే అను వివరమును మాత్రము ఆయన ఎన్నడును చెప్పడు. అడిగినవాని క్రాపు నేటికిని వంకరగనే యున్నదని స్లౌలో వినికిడి.

ఎడమవైపు జుట్టు పూర్తి యగునప్పటికి చరిత్ర మొదలయ్యెను. ఆయన మాటలాడినది ఇంగ్లీషే. వీరగాథ మర్యాదకు తగినట్లు వ్రాసినచో ఇట్లుండును:

“ఓయి యువకుడా! వేయిన్ని తొమ్మిదివందల ఏడవ సంవత్సరమున, ఆంగ్లేయుల పాలనలో మ్రగ్గుచున్న కైరో విద్యార్థులకై ఉద్భవించినది మా క్లబ్బు! ఇరువదవ శతాబ్దమునకు ఆఫ్రికా ఖండమున అత్యుత్తమ క్లబ్బని బిరుదమందినది మా క్లబ్బు! ఆఫ్రికా ఛాంపియన్స్ కప్పును పన్నెండు మారులు ఎత్తినది మా క్లబ్బు!”

“ఊ,” అనెను సాకేత్.

కత్తెర ఆగెను. తెలుగుగడ్డపై పెద్దలు కథ చెప్పుచుండగా ఊ కొట్టనివాడు మనిషే కాడు. సాకేత్ నాయనమ్మ దగ్గర నేర్చిన మొదటి మర్యాద అది. పాపము, మహమూద్ దానిని వేరుగా గ్రహించెను. పదునెనిమిదేండ్ల వ్యాపారములో ఇంత శ్రద్ధగా వినినవాడు ఆయనకు దొరకలేదు. కావున కత్తెరను ప్రక్కన పెట్టి, రెండు చేతులతోను గోల్‌పోస్టును చూపుచు, ఎనుబది రెండవ సంవత్సరపు తొలి కప్పును వర్ణించెను.

“ఊ.”

ఎనుబది యేడు. “ఊ.” రెండువేల ఒకటి. “ఊ.” గడియారము ఒంటిగంట ముప్పది యైదు.

సోఫాలో తన వంతుకై కూర్చున్న రూమ్మేట్, నరసరావుపేట వాస్తవ్యుడు మస్తాన్ ఇక సహింపలేక లేచెను. “ఒరేయ్, ఆ ఊ కొట్టడం ఆపరా బాబూ! నువ్వు ఊ అన్నప్పుడల్లా ఆయన కత్తెర పక్కనబెడతన్నాడు!”

“పెద్దాయన చెప్తుంటే ఉలుకూ పలుకూ లేకుంట ఎట్ల కూసోవాల్రా? మంచిగుండదు.”

“అద్దంలో చూసుకో, ఏది మంచిగుండదో తెలుసుద్ది. నేనైతే చచ్చినా ఒక్క ఊ కూడా అనను.”

సాకేత్ అద్దమున చూచెను. ఎడమవైపు ఉద్యోగి, కుడివైపు నిరుద్యోగి. నిజముగనే భయము వేసెను. ఇంకను తొమ్మిది కప్పులు మిగిలియున్నవి. నోరు బిగించి చూచెను గాని, రెండువేల ఐదు రాగానే పెదవులు తమంతట తామే “ఊ” అనెను.

అంతట ఆ వీరుడు, మర్యాదతో పని జరుగదని నిశ్చయించి, బ్రహ్మాస్త్రమును తీసెను.

“అంకుల్, జమాలెక్ కూడా మంచి టీమే కదా?” అని ఇంగ్లీషున వినయముగా అడిగెను.

జమాలెక్ అనగా అదే కైరోలోని, తెల్లచొక్కాల, తరతరాల ప్రత్యర్థి. మహమూద్ ముఖము జెండా రంగుకు తిరిగెను. మాట లేదు, చరిత్ర లేదు. కత్తెర మాత్రము కుడివైపు దండెత్తెను. వెండ్రుకలు గుంపులుగా నేలగూలెను. మంగలికత్తి మెడమీద ప్రాకుచున్నంత సేపును సాకేత్ తన ఇష్టదైవములను వరుసగా పిలిచెను. తొమ్మిది నిమిషములలో యుద్ధము ముగిసెను. అద్దమున రెండు చెంపలును సరిసమానము!

మెడపై వెండ్రుకలు దులుపుచు మహమూద్ మెల్లగా అడిగెను: “ఇంటర్వ్యూ ఎన్ని గంటలకు?”

“రెండింటికి.”

“ముందే చెప్పవలసింది. భయపడకు. రెండువేల ఆరు ఫైనల్, ట్యునీషియా గడ్డ. తొంభై నిమిషములు గడచినవి, మా పని అయిపోయినదని అందరును లేచిరి. అప్పుడు, తొంభై రెండవ నిమిషమున...”

సాకేత్‌కు సిగ్గు వేసెను. ఇంత మంచివానిపైనా ఆ అస్త్రము వేసినది! ఆ నిమిషమున ఏమయ్యెనో వినవలెనని కూడ మనసు లాగెను. నాలుక లేచెను. పెదవులు గుండ్రమయ్యెను. నాయనమ్మ గుర్తుకు వచ్చెను. గడియారము ఒకటి నలుబది తొమ్మిది.

సాకేత్ గుటకవేసి, ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకొని కన్నులకద్దుకొని, నోరు తెరవకయే తలుపు దాటి పరుగెత్తెను.

వెనుక, ఖాళీ యైన నల్లకుర్చీలో మస్తాన్ కూర్చుండెను. కత్తెర కిచకిచలాడెను, ఆగెను. వీధి మొగ దాటుచున్న సాకేత్ చెవిని ఒక సుపరిచిత కంఠము సోకెను: “ఊ... తర్వాత?”

ఉద్యోగము సంగతి ఈ కవి యెరుగడు. మ్రోసెను భేరి, మ్రోగెను శంఖము: స్లౌ మహానగరమున, ఆ బుధవారమున, సిద్దిపేట వీరుడొకడు ఒక నిండు ‘ఊ’ను సజీవముగా మింగివేసెను!