నొప్పికి కిటికీ సీటు

నొప్పిబిళ్ళలు తెచ్చుకునేవారు నొప్పిని కూడా వెంట తీసుకురావాలన్నది తను వెళ్ళబోయే దేశపు నిబంధన కాబట్టి, నరసాపురంలో లేసు అల్లిక నేర్పే తాళ్ళూరి సుభాషిణి తన నడుంనొప్పికి విడిగా పాస్‌పోర్టు తీయించింది. ఇందులో వింతేమీ లేదు. డాక్టరు చీటీ ఉండాలి, బిళ్ళలు కొన్నప్పటి అట్టలోనే ఉండాలి, నొప్పి మనిషి పక్కనే నిలబడాలి. బాధ ఎవరిదో బాధ్యతా వారిదే. డాక్టరు ‘వెన్నులో పోటు’ అని రాస్తే వీసా ఆఫీసువాళ్ళు ‘వెన్నుపోటు’ అని విని, ఎవర్ని పొడిచిందో ఒక పూట విచారించి వదిలేశారు.

నొప్పిని వేరుచేసే పని పెద్దాసుపత్రిలో మంగళవారాలు జరుగుతుంది. బయటికొచ్చాక అది అచ్చం సుభాషిణిలాగే ఉంది, కాస్త వంగి, కొంగు నడుముకి బిగించి. లేసు మీదకి ఏళ్ళ తరబడి వంగి సంపాదించుకున్న నొప్పి కదా. వేరుచేశారే గానీ తగ్గించలేదు. బాధ మాత్రం పాత చిరునామాకే వస్తూ ఉండేది.

ఆ దేశంలో చేతిపనుల ప్రదర్శన. సుభాషిణి రోజంతా అందరి ముందూ కూర్చుని లేసు అల్లి చూపించాలి. వాళ్ళకి నచ్చితే ఊళ్ళో ఆడవాళ్ళకి దళారుల చిక్కుముడి తప్పి నేరుగా ఆర్డర్లు వస్తాయి. కానీ బిళ్ళ పడకపోతే ఆవిడ అరగంట మించి కూర్చోలేదు.

తోడుగా ఆడపడుచు జలజాక్షి బయల్దేరింది. ఆవిడా లేసు అల్లేదే. పత్రంలో నొప్పి ఉందా అన్నచోట ‘లేదు’ అని రాసింది. విమానంలో సుభాషిణి నొప్పికి కిటికీ సీటు వచ్చింది, జలజాక్షికి మధ్య సీటు. నొప్పులకిచ్చే మర్యాద మనుషులకి లేదని, మా వదిన ఒక్కదానికే నడుముందా ఏంటని ఆవిడ దారి పొడుగునా దెప్పుతూనే ఉంది.

దిగాక తనిఖీ బల్ల. ఆఫీసరు పక్కన దుబాసీగా జగిత్యాల నుంచి వెళ్ళిన రాజలింగం ఉన్నాడు. నొప్పిని ముందుకు రమ్మన్నారు. అది వెంటనే నడుము నిటారుగా చేసి, చిరునవ్వు తొడుక్కుని, టిఫిన్ చేశారా బాబూ అని రాజలింగాన్ని అడిగింది. వెనకున్న ముసలాయన సూట్‌కేసు ఎత్తబోయింది. ఆఫీసరు కాసేపు గమనించి కాగితం మీద రాశాడు: ఇది నొప్పి కాదు, చుట్టం.

అది మోసం కాదు, పెంపకం. సుభాషిణి ఇంట్లో ఎవరైనా వస్తే నొప్పి వంటింట్లోకి పోవాలి. ఎలా ఉన్నారంటే బాగున్నామండీ అనాలి. దానికి ఇంకో పద్ధతి తెలియదు.

“అమ్మా, సారు ఒక్కటే అడుగుతుండు. నొప్పి ఉన్నదా, లేదా?” అన్నాడు రాజలింగం.

“ఏదో, పర్లేదండీ,” అంది సుభాషిణి అలవాటుగా.

రాజలింగం దాన్ని అనువదించాడు. ఆఫీసరు బిళ్ళల అట్టలు జప్తు ట్రేలోకి తోశాడు. ఆ భాషలో పర్లేదంటే పర్లేదనే.

“మా అమ్మ గూడ గట్లనే అంటది,” అన్నాడు రాజలింగం గొంతు తగ్గించి. “గా మాటకు ఈడ మందు ఇయ్యరు. ఉంటే ఉన్నదనుండ్రి.”

సుభాషిణి ట్రే వంక చూసింది. తన నొప్పి వంక చూసింది. అది ఇంకా నవ్వుతూనే ఉంది.

“ఉందండి,” అంది. “కూర్చుంటే ఉంది, లేస్తే ఉంది. బాగున్నానని నవ్వేటప్పుడు ఇంకాస్త ఎక్కువ.”

నొప్పి మొహం మీద నవ్వు జారింది. అది మెల్లగా నేల మీద చతికిలబడి, కాళ్ళు చాపి, బల్లకి ఆనుకుంది. ఆఫీసరు అట్టలు తిరిగిచ్చి ముద్ర కొట్టాడు.

అప్పుడు జలజాక్షి ట్రాలీ వెనకనుంచి ఇంకొకటి వచ్చి దాని పక్కన కూలబడింది. ‘లేదు’ అని రాసిన నొప్పి, ఏ ఆసుపత్రీ వేరుచేయకుండా తనంతట తనే వచ్చింది. పత్రం లేని నొప్పిని వచ్చిన విమానంలోనే పంపేయాలి, కానీ మనిషిని వదిలి అది ఎక్కనంది. తాత్కాలిక వీసా ఇచ్చి, అక్కడి డాక్టరుకి చూపించమన్నారు.

“ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే జలజా?”

“నువ్వు చెప్పావేంటి వదినా, నేను చెప్పడానికి?”

ప్రదర్శనలో నలుగురూ కూర్చున్నారు. వెనక ఇద్దరూ ఎవరని వచ్చినవాళ్ళు అడిగితే, లేసుతో పాటు తయారయ్యేవాళ్ళని సుభాషిణి ఓపిగ్గా చెప్పింది. ఆర్డర్లు వచ్చాయి. కొందరు తమ నొప్పుల్ని కారులో వదిలేసి వచ్చామని చెవిలో చెప్పి వెళ్ళారు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదులో దిగారు. మన దేశంలోకి నొప్పి తెచ్చుకోవడానికి ఏ పత్రమూ అక్కర్లేదు, ఎవరూ అడగరు. కస్టమ్స్ దగ్గర ‘చెప్పవలసినదేమీ లేదు’ అన్న పచ్చబోర్డు కిందినుంచి ఆడవాళ్ళు వరసగా పోతున్నారు, వాళ్ళ సామాన్లు వాళ్ళ నొప్పులు తోస్తున్నాయి. సుభాషిణి ‘చెప్పవలసినది ఉంది’ అన్న ఎర్రబోర్డు వైపు తిరిగింది.

“బంగారమా అమ్మా?” అన్నాడు అక్కడి ఆఫీసరు.

“నొప్పండి. ఇక్కడిదే. రాసుకోండి.”

పత్రంలో దానికి గడి లేదు. ఆయన పత్రం అడుగున చేత్తో ఒక గడి గీశాడు. నాలుగు కుర్చీలు వేయించాడు. ఇంతలో పచ్చదారిలో సగం దూరం వెళ్ళిన ఒకావిడ ఆగి, వెనక్కి వచ్చి, లైను ఇదేనాండీ అని అడిగింది.