కదలని సైడు అద్దాలు

ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చిన్నదే. పదింటికి భార్యకు డ్రైవింగ్ పరీక్ష, అదీ వాళ్ళ కారులోనే. ఆమె స్నానం ముగించేలోగా సైడు అద్దాలు ఆమె ఎత్తుకు సరిచేసి ఉంచాలనుకున్నాడు. స్విచ్చి నొక్కితే ఎడమ అద్దం కదల్లేదు. కుడిదీ కదల్లేదు. కిందటిసారి ఆమె కంగారుపడటం వల్లే పరీక్ష తప్పింది. ఈ సంగతి తెలిస్తే మళ్ళీ తప్పుతుంది. చెప్పకూడదనుకున్నాడు.

ఆయన మానసిక సమస్యలకు సలహాలిచ్చే మనిషి. ఏ బాధకైనా కారణం పైకి కనబడదని, అడుగున ఎక్కడో దాక్కుంటుందని నమ్మి బతుకుతున్నవాడు. ఫ్యూజు తీసి చూశాడు, నిక్షేపంలా ఉంది. అంత తేలిగ్గా దొరికే కారణమైతే ఆయనకు నచ్చేది కాదు. తీగలు చూడాలని తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. రెండు క్లిప్పులు విరిగాయి. అద్దం మోటారుకు వెళ్ళే తీగ మీద టెస్టర్ పెడితే బల్బు వెలగలేదు. ‘లోపలెక్కడో తెగింది’ అనుకున్నాడు, దాదాపు తృప్తిగా.

"ఏం చేస్తున్నారండీ?" కిటికీలోంచి భార్య అడిగింది.

"ఏం లేదు, తుడుస్తున్నా."

వరండాలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "తలుపు విప్పి మరీ తుడుస్తున్నారమ్మా. శుభ్రమంటే అల్లుడుగారిదే."

తెగిన చోటు దొరుకుతుందని తలుపు సందులోని రబ్బరు గొట్టం లాగాడు. బాగున్న తీగలు నాలుగు ఊడి చేతికొచ్చాయి. అట్ట లేని తలుపులో చెయ్యి పెట్టి తడుముతుంటే ఏదో పట్టు వదిలి, కిటికీ అద్దం గభాలున లోపలికి జారిపోయింది. ఇక మోటారునే సూటిగా అడుగుదామని సైడు అద్దం పీకాడు. అది జారి నేల మీద మూడు ముక్కలైంది.

తయారై వచ్చిన భార్య ముక్కల వైపూ ఆయన వైపూ చూసింది.

"అద్దాలు కదలడం లేదు," అన్నాడాయన. "చెబితే కంగారుపడతావని..."

"కదలవు. నిన్న నాకు సరిపోయేలా పెట్టుకుని, స్విచ్చి మీది బుడిపె మధ్యకి తిప్పేశాను. అలా ఉంటే ఏ అద్దమూ కదలదు. రోజూ మీరు మార్చేస్తారుగా."

"ఒక్క మాట చెప్పాల్సింది."

"ఒక్క మాట అడగాల్సింది."

కంగారు మొదటినుంచీ ఎవరిదో ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆమె మాత్రం నింపాదిగా డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేసి, వాళ్ళ కారులో వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి పాసై వచ్చింది. "అద్దం పని చెయ్యకపోతే ఏం చేస్తారని పరీక్ష పెట్టినాయన అడిగాడమ్మా," అని తల్లికి చెప్పింది. "మెకానిక్‌కి చూపిస్తాను, మావారికి మాత్రం చూపించనన్నాను. నవ్వి సంతకం పెట్టేశాడు."

ఆ ఇంట్లో ఇప్పుడు కారు నడపగలవాళ్ళు ఇద్దరు. కారు మెకానిక్ షెడ్డులో ఉంది.